అట్టపెట్టె, అగ్గిపుల్ల, మన పిల్లలు

(సంఘం వార్షికోత్సవంలో భాగంగా జరిగిన కుటుంబ సమ్మేళనంలో ఒక విశ్రాంత సుబేదారు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇంటర్మీడియట్ పాసై, ర్యాలీలో పరుగెత్తి, ఇంజనీర్స్‌లో సాపరుగా చేరి, సుబేదారుగా బయటికి వచ్చినవాణ్ణి. మైకు ముందు నిలబడటం కన్నా పార చేత్తో పట్టుకోవడమే నాకు సులువు. కమిటీవారు "సాబ్, మీరు ఆదివారాలు పిల్లల చేత ఏవేవో చేయిస్తారు కదా, దాని గురించే నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరే, చేతిపని గురించి చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు కదా అని ఒప్పుకున్నాను.

ఇంట్లో పారేసే సామానుతో పిల్లల చేత బొమ్మలు చేయించడం నా ఈనాటి విషయం. ఇది చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు. ఫౌజీ ఇళ్ళలో దీని వెనక మూడు పెద్ద సంగతులు ఉన్నాయి. ఒకటి తండ్రీ బిడ్డల మధ్య దూరం. రెండోది మన భాష. మూడోది పిల్లల ప్రాణాలకు సంబంధించినది. ఆ మూడూ వరుసగా మనవి చేస్తాను. మధ్యలో ఏవి ఎలా చేయాలో కూడా చెబుతాను. ఇంటికెళ్ళి ఒక్కటైనా చేసి చూడకపోతే ఈ ప్రసంగం దండగే.

ముందుగా ఒక మాట. పారేసే వస్తువుతో పనికొచ్చే వస్తువు చేయడం ఎవరో ఇప్పుడు కొత్తగా కనిపెట్టి మనకు నేర్పింది కాదు. మన అమ్మమ్మలు పాత చీరలన్నీ పొరలుగా పరిచి బొంత కుట్టేవారు. చిత్తు కాగితాలు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జును వెదురు బుట్టలకూ చేటలకూ పూసేవారు. అది ఎండితే చెక్కలాగా గట్టిపడేది. పురుగు పట్టదని మా అమ్మ అనేది. మనం చిన్నప్పుడు ఆడుకున్నవన్నీ ఏమిటి? ఎండిన తాటి బుర్రలతో బండి. జొన్న దంటు బెండుతో ఎడ్లబండి. కొబ్బరాకుతో బూర, గడియారం, ఉంగరం. ఖాళీ అగ్గిపెట్టెలకు దారం కట్టి టెలిఫోను. పాత సైకిల్ టైరు, దానిని తోలడానికో పుల్ల. ఒక్క పైసా ఖర్చయ్యేది కాదు. విరిగితే ఏడ్చేవాళ్ళం కూడా కాదు, ఇంకోటి చేసుకునేవాళ్ళం.

కొండపల్లి బొమ్మ సంగతి చూడండి. తెల్ల పొణికి చెక్కను చెక్కి, చేతులూ కాళ్ళూ విడిగా చేసి, వాటిని దేనితో అతికిస్తారో తెలుసా? చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో. దాన్ని మక్కు అంటారు. చింతపండు పిసికాక మనం పారేసే గింజ, వడ్రంగి ఊడ్చి పారేసే పొట్టు కలిసి దేశమంతా పేరున్న బొమ్మను నిలబెడుతున్నాయి. ఏటికొప్పాకవాళ్ళు అంకుడు కర్రకు లక్కతో, చెట్ల నుంచి తీసిన రంగులతో మెరుపు తెస్తారు. 2025 రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ ఏటికొప్పాక బొమ్మలదే. కర్తవ్యపథ్ మీద ఆ బొమ్మలు వెళుతుంటే టీవీ ముందు కూర్చున్న నా ఛాతీ వెడల్పయింది.

మన ఫౌజులో కూడా ఈ విద్య ఉంది. ఎక్సర్‌సైజుకి ముందు శాండ్ మోడల్ తయారు చేసిన చేతులు ఈ హాలులో ఎన్ని ఉన్నాయి? చూడండి, సగం చేతులు లేచాయి. దానికి మనం ఏ దుకాణానికి వెళ్ళాం? రంపపు పొట్టుకి పచ్చరంగు కలిపితే అడవి. బట్టల నీలం చల్లితే నది. సున్నం పొడితో రోడ్డు. ఇటుక పొడితో గుట్ట. ఊలు దారంతో హద్దులు. అగ్గిపుల్లలతో కంచె. రాత్రి పన్నెండింటికి మొదలుపెట్టి, తెల్లవారి సీఓ సాబ్ వచ్చేసరికి కొండలు, లోయలు, వంతెనలతో సహా ఒక జిల్లాను తయారుచేసిన వాళ్ళం మనం. అలాంటి మనం ఇంటికొచ్చాక పిల్లవాడు "నాన్నా, నాకు ఇల్లు చేసిపెట్టు" అంటే "అమ్మనడుగు" అంటామా?

ఇక మొదటి సంగతి. జవానుకి సంవత్సరంలో 60 రోజులు యాన్యువల్ లీవు, 30 రోజులు క్యాజువల్ లీవు. అవి కూడా ముక్కలుగా దొరుకుతాయి. ఫీల్డులో ఉన్నప్పుడు కుటుంబం ఎక్కడో, మనం ఎక్కడో. మా యూనిట్లో ఒక హవల్దారు ఉండేవాడు. మన ప్రకాశం జిల్లావాడే. పేరు చెప్పను. ఎత్తైన ప్రాంతం నుంచి ఎనిమిది నెలల తరువాత ఇంటికి వెళితే, మూడున్నరేళ్ళ కూతురు తల్లి కొంగు వెనక దాక్కుంది. ఇతను చాక్లెట్లు ఇచ్చాడు, తీసుకుంది. బ్యాటరీతో నడిచే పెద్ద బొమ్మ కొనిచ్చాడు, తీసుకుంది. దగ్గరికి మాత్రం రాలేదు. "అమ్మా, ఈ అంకుల్ ఎప్పుడు వెళతాడు?" అని అడిగిందట. ఇది విన్నవాళ్ళకు నవ్వు వస్తుంది గాని, ఆ తండ్రికి ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

నాలుగో రోజున అతను కొత్త బూట్లు తెచ్చుకున్న అట్టపెట్టె తీసుకుని వసారాలో కూర్చున్నాడు. పిల్లని పిలవలేదు. తనపాటికి తాను కిటికీ కోస్తున్నాడు, తలుపు కోస్తున్నాడు. కాసేపటికి పిల్ల రెండడుగులు ముందుకొచ్చింది. "తలుపు ఇటువైపు కాదు" అంది. "మరి ఎటువైపమ్మా?" అన్నాడు. అంతే. సాయంత్రానికి ఆ ఇంటికి మెట్లు వచ్చాయి, గుమ్మానికి తోరణం వచ్చింది. ఆ రాత్రి పిల్ల తండ్రి పక్కలోనే పడుకుంది. లీవు అయిపోయి తిరిగొచ్చాక ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. తల్లి చేత రాయించిన ఉత్తరం. "నాన్నా, పదకొండు డబ్బాలు దాచాను, తొందరగా రా" అని అందులో ఉంది. ఆ కాగితం అతను పే బుక్కులో పెట్టుకుని తిరిగేవాడు.

సోదరులారా, కొన్న బొమ్మ ఇస్తే పిల్లవాడు బొమ్మతో ఆడుకుంటాడు. కలిసి బొమ్మ చేస్తే మనతో ఆడుకుంటాడు. నేను ఇంత చెప్పేది ఈ ఒక్క తేడా కోసమే.

రెండో సంగతి మన భాష. మన పిల్లలు అంబాలాలో పుడతారు, బబీనాలో నడక నేర్చుకుంటారు, తేజ్‌పూర్‌లో బడికి వెళతారు. హిందీ బాగా వస్తుంది, ఇంగ్లీషు వస్తుంది. తెలుగు అంటే "అన్నం తిన్నావా", "ఇటు రా" వరకే. పుస్తకం పెట్టి అ ఆ లు దిద్దించబోతే పారిపోతారు. అదే పిల్లవాణ్ణి కత్తెర, కాగితం పెట్టుకుని పక్కన కూర్చోబెట్టండి. ఎన్ని మాటలు వస్తాయో చూడండి. మడత, అంచు, కొస, ముడి, ఉచ్చు, పురి, మెలిక, జిగురు, చిల్లు, అతుకు, కుచ్చు. కొలతలు వస్తాయి: అంగుళం, బెత్తెడు, జానెడు, మూరెడు. పనులు వస్తాయి: చుట్టు, విప్పు, బిగించు, వదులు చెయ్యి, గుచ్చు, అల్లు, ఆరబెట్టు. ఈ మాటలు పాఠ్యపుస్తకంలో చదివితే మర్చిపోతారు. చేతిలో దారం ఉండగా "ఇంకొంచెం పురి పెట్టు" అంటే ఆ మాట జన్మలో మర్చిపోరు. అందుకే ఆదివారం గంటన్నర సేపు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. కత్తెర కావాలంటే తెలుగులో అడగాలి. ఆరేళ్ళ పాప ఒకతె "తాతయ్యా, నా దారం చిక్కు పడింది" అని మొదటిసారి అన్నరోజు, వాళ్ళమ్మ నా దగ్గరకొచ్చి కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఏవి చేయించాలో చెబుతాను. మనవాళ్ళు సంతోషించేవి నాలుగు ఏరుకొచ్చాను.

మొదటిది ట్యాంకు. ఆర్మర్డ్ వాళ్ళు చెవులు రిక్కించండి. కుట్టుమిషను దారం అయిపోయిన రీలు, ఒక రబ్బరు బ్యాండు, అగ్గిపుల్ల, కొవ్వొత్తి ముక్క, చీపురుపుల్లల్లో గట్టిది ఒకటి చాలు. రీలు రెండు అంచులకూ పళ్ళలాగా గాట్లు పెట్టండి, నేల మీద పట్టు దొరుకుతుంది. రబ్బరు బ్యాండుని రీలు కన్నంలోంచి దూర్చండి. ఒక చివర సగం అగ్గిపుల్ల పెట్టి, తిరగకుండా టేపు వేయండి. రెండో చివర అర అంగుళం కొవ్వొత్తి ముక్కకు చిల్లు చేసి దానిలోంచి బ్యాండు బయటికి లాగి, ఆ ఉచ్చులో పుల్ల దూర్చండి. పుల్ల ఒకవైపు పొడుగ్గా ఉండి నేలకు తగలాలి. ఇప్పుడు పుల్లని పాతిక ముప్పై చుట్లు తిప్పి నేల మీద వదలండి. పుల్ల నేలకు ఆనుకుంటుంది, బ్యాండు పురి విప్పుకుంటూ రీలుని తిప్పుతుంది. ట్యాంకు మెల్లగా పాకుతూ పోతుంది. పుస్తకం అడ్డం పెడితే దాని మీదికి ఎక్కుతుంది. కొవ్వొత్తి ముక్క ఎందుకని పిల్లలు అడుగుతారు. పుల్ల రీలుకి రాసుకోకుండా నున్నగా తిరగడానికి. అది తీసేసి ఒకసారి నడిపించి చూపండి. ఘర్షణ అంటే ఏమిటో ఇక బళ్ళో చెప్పనక్కర్లేదు.

రెండోది పెరిస్కోపు. దీనికి పొడుగాటి అట్టపెట్టె కావాలి. నెలనెలా క్యాంటీను నుంచి మనతోపాటు ఇంటికి వచ్చే కొన్ని సీసాల పెట్టెలు దీనికి భలేగా పనికొస్తాయి. సీసా గురించి నేను మాట్లాడను, పెట్టె గురించే మాట్లాడుతున్నాను. రెండు పెట్టెలు ఒకదానికొకటి అతికించి, పైన ఒక పక్క కిటికీ, కింద దానికి ఎదురుపక్క కిటికీ కోయాలి. లోపల పైనా కిందా రెండు చిన్న అద్దాలు 45 డిగ్రీల వాలులో, ఒకదానికొకటి ఎదురుగా, సమాంతరంగా నిలబెట్టాలి. 45 డిగ్రీలు ఎలా తెలుస్తుంది? చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకు మడిస్తే వచ్చే వాలు అదే. అద్దం అంచులకు ముందే టేపు చుట్టాలి, చెయ్యి తెగకుండా. గోడ వెనక దాక్కుని అమ్మ ఏం చేస్తోందో చూడటమంటే ఏ పిల్లవాడికి ఇష్టం ఉండదు?

మూడోది నా సొంత ట్రేడు, వంతెన. పాత దినపత్రిక ఒక్కో ఠావుని సన్నటి పుల్ల మీద మూల నుంచి ఏటవాలుగా బిగుతుగా చుట్టి, కొసకు జిగురు పెట్టి పుల్ల లాగేయండి. గట్టి గొట్టం వస్తుంది. ఇలాంటివి నాలుగు తీసుకుని చదరంగా కట్టండి. మూల పట్టుకుని నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. ఇప్పుడు మూల నుంచి మూలకు ఇంకో గొట్టం కట్టండి. అది రెండు త్రిభుజాలైంది. ఇక కదలదు. ఇదే కిటుకు. బెయిలీ బ్రిడ్జి వేసినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. 10 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు ఉండే ఆ ఇనుప ప్యానెల్ లోపల ఏటవాలు కడ్డీలు ఉంటాయి కదా. రెండో ప్రపంచయుద్ధ కాలంలో డొనాల్డ్ బెయిలీ రూపొందించిన ఆ వంతెన మీద మన బళ్ళు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. పిల్లలు కట్టిన కాగితం వంతెన రెండు కుర్చీల మధ్య ఆనించి, దాని మీద ఇటుక పెట్టి చూడండి. ఇటుక నిలబడినప్పుడు వాళ్ళ కేరింతలు వినాలి. నిలబడకపోతే ఇంకా మంచిది. ఎక్కడ వంగిందో వాళ్ళే వెతికి, ఇంకో త్రిభుజం వేస్తారు.

ఇలాంటి పనిలో దేశమంతటా పేరున్న ఒక పెద్దాయన ఉన్నారు, అరవింద్ గుప్తా గారు. ఐఐటీ కాన్పూరులో ఇంజనీరింగు చదివి, పెద్ద కంపెనీ ఉద్యోగం చేసి, 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పల్లెటూరి బళ్ళలో సైన్సు చెప్పే కార్యక్రమం చూడటానికి వెళ్ళారు. అక్కడ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి త్రిభుజాలు, చదరాలు, ఇళ్ళు కట్టడం మొదలుపెట్టారు. తరువాత పుణెలో చాలాకాలం పిల్లల సైన్సు కేంద్రంలో పనిచేస్తూ, చెత్తతో చేసే బొమ్మలు వందలకొద్దీ తయారుచేసి అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అలాగే చండీమందిర్‌లో పనిచేసినవాళ్ళు చండీగఢ్ రాక్ గార్డెన్ చూసే ఉంటారు. నేక్‌చంద్ గారు రోడ్ల మీద పనిచేసే మామూలు ఇన్‌స్పెక్టరు. పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, పాత సామాను ఏరి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి బొమ్మలు చేశారు. 1976లో అది ప్రజలకు తెరిచారు. ఆయనకూ 1984లో పద్మశ్రీ ఇచ్చారు. ఇద్దరూ చేత్తో పట్టుకున్నది మనం పారేసే సామానే.

నాలుగోది అక్కచెల్లెళ్ళకు, అమ్మమ్మలకు. కోడిగుడ్ల అట్ట ట్రే ఉంటుంది కదా, 30 గుడ్లది. విరిగిన గుడ్డు అంటనిది చూసుకుని, రెండు రోజులు ఎండలో పెట్టండి. ఆరేసి గుంటలున్న రెండు వరుసలు కోసి, చివర ఇంకో రెండు గుంటలు అతికిస్తే పద్నాలుగు. వామనగుంటల పీట తయారు. చింతపిక్కలు కడిగి ఆరబెట్టి పోయండి. ఇంకో అట్టముక్క మీద గళ్ళు గీస్తే అష్టాచెమ్మా. పోస్టింగు వచ్చినప్పుడు ఆ ట్రే పారేసి వెళ్ళవచ్చు, పిక్కలు మాత్రం ఒక చిన్న సంచిలో వెంట వస్తాయి. రెండు రెండున్నరేళ్ళకోసారి ట్రంకు పెట్టెలు సర్దుకునే మన ఇళ్ళకు ఇంతకన్నా అనువైన ఆట ఏముంది?

జిగురు కొనక్కర్లేదు. ఒక చెంచా మైదా చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉడికిస్తే చాలు. పూర్వం పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లలు వాడే జిగురులో ససేమిరా కలపకండి. ఏ రోజుది ఆ రోజు కాచుకోండి.

ఒక్క హెచ్చరిక. ఇవి పిల్లవాడే చేయాలి. బడులలో 'బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్' అని పోటీ పెడతారు. రాత్రి తొమ్మిదింటికి పిల్లవాడు చెబుతాడు, తల్లి పరుగున దుకాణానికి వెళ్ళి కొత్త పేపరు కప్పులు, కొత్త మెరుపు కాగితాలు, థర్మోకోల్ పలక కొంటుంది. పిల్లవాడు నిద్రపోతాడు, తండ్రి అర్ధరాత్రి దాకా చేస్తాడు. మరునాడు ప్రైజు వస్తుంది. ఎవరికి వచ్చినట్టు? కొత్త సామాను కొని చెత్త చేయడం ఇందులో అసలు సంగతి. పైగా 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ పుల్లలు, స్ట్రాలు, కప్పులు, ప్లేట్లు దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. టీచరమ్మ తెమ్మన్నా సరే, ఈ మాట మర్యాదగా చెప్పండి. పిల్లవాడు చేసింది వంకరగా ఉన్నా ఫరవాలేదు. ఆ వంకర వాడిది.

ఇప్పుడు మూడో సంగతి. దయచేసి ఈ భాగం పిల్లలు కూడా వినండి. పారేసిన సామాను ఏరమని నేర్పాక, ఏవి ఏరకూడదో నేర్పడం మన బాధ్యత.

మన కంటోన్మెంట్ల పక్కన, ఫీల్డ్ ఫైరింగ్ రేంజిల పక్కన, సరిహద్దు ఊళ్ళలో నేల మీద ఇనుప ముక్కలు దొరుకుతాయి. రేంజిలో పడి పేలని గుండుని మనం బ్లైండ్ అంటాం. అది పేలలేదంటే చచ్చిపోయిందని కాదు. వానకు తడిసి, తుప్పు పట్టి, ఇరవై ఏళ్ళు మట్టిలో ఉన్నా దాని లోపల మందు అలాగే ఉంటుంది. ఫ్యూజు ఎప్పుడు కదులుతుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఇత్తడి, ఇనుము అమ్ముకుందామని రేంజిలో తిరిగే పల్లెటూరివాళ్ళు దాన్ని రాయితో కొట్టి ప్రాణాలు పోగొట్టుకుంటారు. మెరిసే గుండ్రటి వస్తువు కనబడితే బొమ్మకు చక్రం దొరికిందని పిల్లవాడు అనుకోకూడదు. మా ఆదివారం క్లాసులో ప్రతిసారీ మూడు మాటలు పైకి చెప్పిస్తాను: చూడు, ముట్టకు, చెప్పు. చూసిన చోటు గుర్తు పెట్టుకో, చెయ్యి వేయకు, దగ్గరున్న సెంట్రీకో పోలీసుకో నాన్నకో చెప్పు. కాల్చిన ఖాళీ కేసు కూడా ఇంటికి తేకూడదు. దానికి లెక్క ఉంటుందని మనందరికీ తెలుసు. పాత యూనిఫాం గుడ్డతో, బ్యాడ్జీలతో కూడా బొమ్మలు కుట్టకండి. దాని గౌరవం వేరు.

దీపావళి మరునాడు పొద్దున్నే వీధిలో పిల్లలు పేలని టపాకాయలు ఏరి, మందు కాగితం మీద పోసి అంటిస్తారు. ముఖాలు, కళ్ళు కాలేది అప్పుడే. ఆ ఒక్క ఉదయం పిల్లల కన్నా ముందు మనం లేచి ఊడ్చేయాలి, నీళ్ళు చల్లాలి.

ఇంట్లో కూడా కొన్ని ఉన్నాయి. వాచీలో, రిమోటులో, వెలిగే బొమ్మల్లో ఉండే బటన్ బ్యాటరీ పసివాడు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగాడని అనుమానం వచ్చినా ఆగకుండా ఎంఐ రూముకి, అక్కణ్ణుంచి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. పాడైన ట్యూబులైటు, సీఎఫ్ఎల్ బల్బులో పాదరసం ఉంటుంది, ముట్టనివ్వకండి. సిరంజీలు, మందుల సీసాలు, బ్లేడ్లు బొమ్మల సామాను కాదు. స్టోరులో ఏనాటిదో మిగిలిన ఎనామిల్ పెయింటు డబ్బా తీసి రంగులు వేయించకండి. రంగుల్లో సీసం ఇంతకు మించకూడదని, 90 పీపీఎం అని, మన దేశంలో నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. పాత డబ్బాలో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? పసుపు ఉంది, కుంకుమ ఉంది, బీట్‌రూట్ రసం ఉంది. పిల్లలకు అవి చాలు. థర్మోకోల్ గాని, ప్లాస్టిక్ గాని కాల్చి అతికించే పని అసలే వద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు.

ఇల్లంతా చెత్తతో నింపమని కూడా నేను అనడం లేదు. ఇంటికి ఒక్క అట్టపెట్టె. అది నిండితే కొత్తది చేర్చడానికి ఏదో ఒకటి తీసేయాలి. డబ్బాలు కడిగి, తుడిచి, బోర్లించి పెట్టండి. నీళ్ళు నిలిస్తే డెంగీ దోమకు మనమే క్వార్టరు అలాటు చేసినట్టవుతుంది.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. మనం పది అట్టపెట్టెలతో బొమ్మలు చేసినంత మాత్రాన దేశంలో చెత్త సమస్య తీరిపోదు. ఆ బొమ్మ కూడా నెల తరువాత పాడవుతుంది, చెత్తబుట్టకే వెళుతుంది. అప్పుడు కాగితం ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు విడదీసి వేయించండి. తయారైన బొమ్మ మీద నాకు పెద్ద మమకారం లేదు. దాని మీద పిల్లవాడు, పెద్దవాడు కలిసి గడిపిన గంట ఉంది చూశారూ, అది ఎక్కడికీ పోదు. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజుకి గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని, ఏడాది నిండని పసివాళ్ళకు అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోను లాక్కుంటే పిల్లవాడు ఏడుస్తాడు. చేతిలో ఏదో ఒకటి పెట్టి తీసుకుంటే ఏడవడు. ఆ 'ఏదో ఒకటి' మనం ఇవ్వాలి.

చివరగా మన సంఘానికి మూడు విన్నపాలు.

ఒకటి. వచ్చే సంక్రాంతికి మనం పెట్టే బొమ్మల కొలువులో ఒక మెట్టు ఖాళీగా వదలండి. ఆ మెట్టు మీద పిల్లలు పారేసే సామానుతో చేసిన బొమ్మలే ఉండాలి. ప్రైజులు వద్దు. ప్రతి బొమ్మ పక్కన చేసిన పిల్లవాడి పేరు తెలుగులో వాడే రాసి పెట్టాలి. పేరు తెలుగులో రాయడం రాని పిల్లలు దానికోసమైనా నేర్చుకుంటారు.

రెండు. పెన్షను వచ్చిన సోదరులకు. మనలో సాపర్లున్నారు, ఈఎంఈ వాళ్ళున్నారు, సిగ్నల్స్ వాళ్ళున్నారు, వైమానిక దళం, నౌకాదళం వాళ్ళున్నారు. ముడులు వేయడం, తీగలు కలపడం, తూకం చూడటం తెలిసిన చేతులు ఇవి. పొద్దున వాకింగు, సాయంత్రం పేకాట మధ్య ఆదివారం గంటన్నర ఇవ్వండి. సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్లలో తండ్రి దగ్గర లేని పిల్లలు ఎంతమందో ఉన్నారు. వీరనారీల పిల్లలు ఉన్నారు. వాళ్ళకు ఎవరి జాలీ అక్కర్లేదు. పక్కన కూర్చుని "ఇటు పట్టుకో, నేను ముడి వేస్తాను" అనే ఒక తాతయ్య, ఒక మామయ్య కావాలి.

మూడు. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు. ఈసారి ఛుట్టీకి వెళ్ళేటప్పుడు బొమ్మలు కొనవద్దని నేను చెప్పను, మీ సరదా మీది. కాని మొదటి వారంలో ఒక పూట ఫోను ఆపి, ఒక అట్టపెట్టె, కత్తెర తీసుకుని నేల మీద కూర్చోండి. పిల్లని పిలవకండి. ఆమే వస్తుంది. తలుపు ఎటు పెట్టాలో ఆమెనే చెప్పనివ్వండి.

బయట బల్ల మీద దారపు రీళ్ళు, రబ్బరు బ్యాండ్లు, కొవ్వొత్తి ముక్కలు పెట్టించాను. బడా ఖానా మొదలయ్యేలోపు పది నిమిషాలు సమయం ఉంది. ట్యాంకు చేయాలనుకున్న పిల్లలు నాతో రండి. పెద్దలు కూడా రావచ్చు, కాని కత్తెర తెలుగులో అడగాలి.



జై హింద్.